వేన్నీళ్ళ లోయలో ఒక కంటి డాక్టరు

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి మాట్లాడేవారు నలుగురు ఉన్నారనీ, నన్ను మాత్రం ఇంకేదైనా మాట్లాడమనీ కార్యదర్శి గారు పది రోజుల క్రితమే చెప్పారు. నేను నీటిపారుదల శాఖలో 34 ఏళ్ళు పనిచేసి రిటైరయిన వాణ్ణి. లాకుల దగ్గర నీటి మట్టాలు రాసుకోవడం, కాలవ గట్ల మీద సైకిలు తొక్కడం తప్ప నాకు తెలిసిన విద్య లేదు. కాబట్టి నీళ్ళ గురించే మాట్లాడతాను. అయితే మన గోదావరి గురించి కాదు. ఉత్తర ధ్రువానికి దగ్గరలో ఉన్న ఐస్‌లాండ్ అనే దీవిలో పుట్టి, ఈత కొట్టి, వాటర్ పోలో ఆడి, కంటి డాక్టరై, తొంభై ఏళ్ళు బతికిన ఒక పెద్దమనిషి గురించి.

ఆయన నాకెలా తెలిశాడంటారా? రెండేళ్ళ క్రితం నా కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. తలస్నానం వద్దు, చదువు వద్దు అని డాక్టరు గారు కట్టడి చేశారు. పేపరు లేకుండా పొద్దు గడవని వాణ్ణి, ఏం చేయను? మా మనవరాలు సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి పక్కన కూర్చుని ఏదో ఒకటి చదివి పెట్టేది. ఒకరోజు పాత ఒలింపిక్ క్రీడాకారుల వివరాలు చదువుతూ, "తాతయ్యా, నీకు సరిపోయే మనిషి దొరికాడు. ఈతగాడు, పైగా కంటి డాక్టరు" అంది. అప్పటి నుంచి ఆయన గురించి దొరికిందల్లా చదివించుకున్నాను. కన్ను బాగయ్యాక నేనే చదువుకున్నాను.

ఆయన పేరు ఊల్వర్ థోర్దార్‌సన్. థోర్దుర్ అనే ఆయన కొడుకు కాబట్టి థోర్దార్‌సన్. ఆ దేశంలో చాలామందికి మనలాగా ఇంటిపేర్లు ఉండవు. తండ్రి పేరుకు 'సన్' చేరిస్తే కొడుకు, 'దోత్తిర్' చేరిస్తే కూతురు. టెలిఫోను డైరెక్టరీలో కూడా సొంత పేరు వరసలోనే వెతుక్కోవాలి. మన సంఘం సభ్యుల జాబితా అలా వేస్తే సుబ్బారావులందరూ ఒకే పేజీలో వస్తారు, ఏ సుబ్బారావో తేల్చుకోవడం కష్టం.

ఊల్వర్ 1911లో పుట్టాడు. అప్పుడు ఐస్‌లాండ్ మొత్తం జనాభా 85 వేల ప్రాంతం. మన జిల్లాలో ఒక పెద్ద పట్నమంత. దేశం డెన్మార్క్ రాజుగారి కింద ఉండేది. ముఖ్య పట్టణం రేక్యావిక్ చిన్న రేవు ఊరు. ఆ మాటకు 'పొగల అఖాతం' అని అర్థం. అది వంటింటి పొగ కాదు, భూమిలోంచి ఉబికి వచ్చే వేన్నీళ్ళ ఆవిరి. ఊరి తూర్పు కొసన సముద్రపు ఒడ్డున క్లెప్పుర్ అనే చోట 1907లో మానసిక రోగులకు ఆ దేశపు మొదటి ఆసుపత్రి పెట్టారు. దాని మొదటి ముఖ్య వైద్యుడు థోర్దుర్ స్వేన్‌సన్, అంటే మన ఊల్వర్ తండ్రి. అప్పటికి ఆ రోగాలకు మందులంటూ లేవు. ఆయన వేన్నీళ్ళ స్నానాలు చేయించేవాడట, వేన్నీళ్ళు తాగించేవాడట, ఉపవాసాలు ఉంచేవాడట. ఆ వైద్యం ఎంతవరకు పనిచేసిందో నేను చెప్పలేను గాని, అంతకు ముందు ఆ రోగులను కట్టేసి ఉంచిన రోజులతో పోలిస్తే వేన్నీళ్ళు దయగల వైద్యమే అనిపిస్తుంది. పిల్లలందరూ ఆ ఆసుపత్రి ఆవరణలోనే పెరిగారు. ఊల్వర్ తమ్ముడు ఆగ్నార్ తర్వాత రోజుల్లో నాటకాలు రాసి పేరు తెచ్చుకున్నాడు.

క్లెప్పుర్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక లోయ ఉంది. పేరు లౌగార్దాలుర్, అంటే వేన్నీటి బుగ్గల లోయ. ఈ లోయను కాస్త గుర్తుపెట్టుకోండి. ఈయన జీవితమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. రేక్యావిక్ ఆడవాళ్ళు బట్టల మూటలు వీపున కట్టుకుని సుమారు 3 కిలోమీటర్లు నడిచి ఈ బుగ్గల దగ్గరికి వచ్చి ఉతుక్కునేవారు. చలికాలంలో మంచు మీద వెళ్ళి, తడి బట్టల బరువుతో తిరిగి రావాలి. మరిగే నీళ్ళలో కాలు జారి పడి చనిపోయిన వారు కూడా ఉన్నారు, అందుకని బుగ్గల మీద ఇనుప కమానులు బిగించారు. ఆ ఉతుకుడు ఆడవాళ్ళ కోసం వేసిన దారికి లౌగావేగుర్ అని పేరు. ఈనాడది రేక్యావిక్‌లో అందరూ తిరిగే బజారు వీధి.

అదే లోయలో బుగ్గ నీటిని కట్టి ఈత నేర్పేవారు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చుట్టూ సముద్రం ఉన్న దేశం, చేపల మీద బతికే దేశం కదా, అందరికీ ఈత వచ్చి ఉంటుందని మనం అనుకుంటాం. అదేం లేదు. పాత కథల్లో మంచు సముద్రాన్ని ఈదిన వీరులున్నారు గాని, తర్వాతి శతాబ్దాల్లో ఆ విద్య దాదాపు మరుగున పడింది. పడవలు ఒడ్డు కనిపిస్తుండగానే మునిగేవి. ఈత రాక ఇంటి మగవాళ్ళు ఒడ్డున నిలబడ్డ వాళ్ళ కళ్ళ ముందే పోయేవారు. 1836లో కోపెన్‌హాగెన్‌లో చదువుకుంటున్న ఐస్‌లాండ్ యువకులు కొందరు, అందులో యోనాస్ హాల్‌గ్రీమ్‌సన్ అనే గొప్ప కవి కూడా ఉన్నాడు, డేనిష్ భాషలోని ఈత పాఠాల పుస్తకాన్ని తమ భాషలోకి తెచ్చి అచ్చు వేయించారు. కవులు ఈత పుస్తకం వేయడం ఏమిటని నేను మొదట ఆశ్చర్యపోయాను. తర్వాత ఆలోచిస్తే, భాష బతకాలంటే మనుషులు ముందు బతకాలి గదా అనిపించింది.

ఆ పుస్తకం వచ్చిన సరిగ్గా నూరేళ్ళకు, 1936లో, ఐస్‌లాండ్ వాళ్ళు బెర్లిన్ ఒలింపిక్స్‌కు వాటర్ పోలో జట్టును పంపారు. అందులో ఊల్వర్ ఒకడు. వయసు పాతికేళ్ళు.

వాటర్ పోలో అంటే మనలో చాలామందికి తెలియకపోవచ్చు. నీళ్ళలో ఆడే బంతాట. ఒక్కో పక్షానికి ఏడుగురు. కాళ్ళు నేలకు ఆనకూడదు. గోల్ కాసేవాడు తప్ప మిగతావారు బంతిని ఒంటి చేత్తోనే పట్టాలి, ఒంటి చేత్తోనే విసరాలి. ఆ రోజుల్లో ఏడేసి నిమిషాలు రెండు భాగాలు ఆడేవారు. పద్నాలుగు నిమిషాలేనా అనకండి. ఎవరైనా చెరువులో మెడలోతు దాటి, కాలు ఆనకుండా, ఒక చేత్తో కొబ్బరికాయ పట్టుకుని రెండు నిమిషాలు ఉండి చూడండి. అప్పటి బంతి తోలుది. ఆడేకొద్దీ నీరు పీల్చుకుని బరువెక్కేది. నీటి కింద రిఫరీకి కనిపించకుండా తన్నుకోవడాలు, లాగుకోవడాలు ఈ ఆటలో మామూలే.

మనకు బెర్లిన్ అంటే ధ్యాన్‌చంద్ గుర్తుకు వస్తాడు. 1936 ఆగస్టు 15న హాకీ ఫైనల్లో మనవాళ్ళు జర్మనీని 8-1తో ఓడించారు. ఆ పండుగలోనే ఒక మూల, దేశం మొత్తం మీద లక్ష పైచిలుకు జనం ఉన్న ఐస్‌లాండ్ నుంచి వచ్చిన పదిపన్నెండు మంది కుర్రాళ్ళు ఉన్నారు. ఓడ ఎక్కి, రైలు ఎక్కి వచ్చినవాళ్ళు. వాటర్ పోలోలో 16 దేశాలు. ఐస్‌లాండ్ పడిన గుంపులో ఆస్ట్రియా, స్వీడన్, స్విట్జర్లాండ్ ఉన్నాయి. మూడు ఆటలూ ఆడారు, మూడూ ఓడారు. కొద్దిలో తప్పిన గెలుపులు కూడా కావు, పెద్ద పెద్ద తేడాలతోనే ఓడారు. బంగారు పతకం హంగరీ వాళ్ళకు వెళ్ళింది. ఆ హంగరీ జట్టులో ఒలివేర్ హలాషీ అనే ఆయనకు ఒక కాలు మోకాలి కింద నుంచి లేదు. చిన్నప్పుడు ట్రాము కింద పడి పోయింది. ఆ ఒంటికాలితోనే 1932లోనూ 1936లోనూ బంగారు పతకాలు గెలిచిన జట్లలో ఆడాడు. మాట పక్కకు పోయింది, కాని ఇది చెప్పకుండా ఉండలేకపోయాను.

ఐస్‌లాండ్ మళ్ళీ ఒలింపిక్స్ వాటర్ పోలోలో ఆడలేదు. అదే మొదలు, అదే ఆఖరు.

నన్ను పట్టి ఆపిన సంగతి ఇంకొకటి ఉంది. రేక్యావిక్‌లో 'సుంద్‌హోల్' అని ఊరికంతా పనికివచ్చే పైకప్పు ఉన్న ఈత భవనం కట్టడం 1929లో మొదలుపెట్టారు. ప్రపంచమంతా డబ్బుకు కటకటలాడిన రోజులు వచ్చాయి, పని ఆగిపోయింది. లోయలోని వేన్నీళ్ళను 1930లోనే గొట్టాల ద్వారా ఊళ్ళోకి తెచ్చారు. ఒక బడికి, ఆసుపత్రికి, కొన్ని పదుల ఇళ్ళకు ఆ నీళ్ళు వెచ్చదనం ఇస్తున్నాయి. ఈత భవనం మాత్రం మొండి గోడలతో నిలబడి ఉంది. చివరికి దాని తలుపులు తెరిచింది 1937 మార్చి 23న. అంటే బెర్లిన్‌లో మనవాళ్ళు, 'మనవాళ్ళు' అనేస్తున్నాను చూడండి, ఓడిపోయి వచ్చిన ఏడు నెలలకు. ఇలాంటి ఈత భవనం ఒకటి సొంత ఊళ్ళో తయారు కాకముందే వాళ్ళు ఒలింపిక్స్ ఆడి వచ్చారన్నమాట. మా శాఖలో కూడా వరద తగ్గాక కట్ట మరమ్మతుకు మంజూరు వచ్చేది. ప్రభుత్వ పనులు ఏ దేశంలోనైనా ఒకే పంచాంగం చూసుకుని నడుస్తాయేమో.

1940లో అక్కడ క్రీడల చట్టం వచ్చింది. దాంతో బడిపిల్లలందరికీ ఈత నేర్పడం తప్పనిసరి అయింది. లెక్కలు, వ్యాకరణం ఎలాగో ఈత కూడా అలాగే. ఈనాటికీ ఆరేళ్ళ పిల్ల బడిలో చేరితే ఈత పాఠం కూడా మొదలవుతుంది.

ఊల్వర్ కంటి వైద్యుడయ్యాడు. ఆ దేశంలో ముసలితనంలో చూపు పోవడానికి నీటికాసుల జబ్బు పెద్ద కారణంగా ఉండేది. ఈ సభలో నీటికాసులకు చుక్కలు వేసుకునేవారు చేతులెత్తమంటే కనీసం పదిహేను చేతులు లేస్తాయని నాకు తెలుసు. ఒకసారి పోయిన చూపు తిరిగి రాని జబ్బు అది. ఉన్నదాన్ని కాపాడుకోవడమే వైద్యం. ఏళ్ళ తరబడి అదే మనిషి అదే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. అలాంటి డాక్టరు ఊరందరికీ బంధువు లాంటివాడు అవుతాడు.

ఆయన గది నాలుగు గోడల మధ్య ఉండిపోలేదు. వాలుర్ అని, అంటే డేగ అని, ఒక పేరున్న క్రీడా సంఘం ఉంది. దాన్ని స్థాపించింది కూడా 1911లోనే, ఆయన పుట్టిన ఏడే. దానికి కొంతకాలం అధ్యక్షుడుగా ఉన్నాడు. రేక్యావిక్ నగర సభలో సభ్యుడుగా కూర్చున్నాడు. నగరంలోని క్రీడా సంఘాలన్నిటి సమాఖ్యకు చాలా ఏళ్ళు పెద్దగా ఉన్నాడు. లౌగార్దాలుర్ లోయను క్రీడల లోయగా మార్చాలని నగరం తలపెట్టినప్పుడు ఆ పని భుజాన వేసుకున్న ముఖ్యులలో ఆయనొకడు.

సంఘాల పని ఎలాంటిదో మనకు తెలియనిది కాదు. మీటింగులు, మినిట్సు, ఎస్టిమేట్లు, ఆడిట్ అభ్యంతరాలు. పతకం గెలిచినవాడి ఫొటో పేపర్లో పడుతుంది. కమిటీలో కూర్చుని గొట్టం సైజు గురించి వాదించిన వాడి ఫొటో ఎవరూ వేయరు. ఆ లోయలో 1957లో పెద్ద మైదానం తయారైంది. 1965లో ఆటల భవనం వచ్చింది. 1968లో 50 మీటర్ల ఈతకొలను తెరిచారు. ఆరుబయట కొలను, కాని నీళ్ళు వెచ్చగా ఉంటాయి. పైన మంచు కురుస్తుంటే కింద పిల్లలు ఈత కొడుతుంటారు. ఒకప్పుడు ఆడవాళ్ళు బట్టలు ఉతుక్కున్న లోయ. బెర్లిన్‌కు ఆ కొలనుకు మధ్య 32 ఏళ్ళు. ఇంచుమించు ఒక ఉద్యోగి సర్వీసంత కాలం. ఆ ఓటమి ఆయన మనసులో ఎక్కడో ఉండి ఈ పని చేయించిందని నేను అనుకుంటాను. ఆయన అలా చెప్పాడని కాదు. ముసలివాడి ఊహ అనుకోండి.

కొలను పక్కన వేన్నీటి తొట్లు ఉంటాయి. ఒక్కో తొట్టిలో పది పదిహేను మంది గొంతు దాకా మునిగి కూర్చోవచ్చు. అక్కడి పెన్షనర్లు పొద్దున్నే వచ్చి ఆ తొట్లలో చేరి రాజకీయాలు, ధరలు, కోడళ్ళ సంగతులు మాట్లాడుకుంటారట. మన రచ్చబండ నీళ్ళలో ఉంటే ఎలా ఉంటుందో అలా. అయితే కొలనులో దిగేముందు బట్టలు పూర్తిగా విప్పి సబ్బుతో ఒళ్ళు కడుక్కోవాలి. మంత్రి గారైనా అంతే. చూసే మనిషి ఉంటాడు, వదలడు.

ఇప్పుడొక సరదా సంగతి. 1972లో బాబీ ఫిషర్, బోరిస్ స్పాస్కీ ఆడిన ప్రపంచ చదరంగం పోటీ మీలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఆ వేసవిలో మా ఆఫీసులో పేపరు రాగానే మొదట చదివేది ఆ వార్తే. ఫిషర్ 12½-8½ తో గెలిచాడు. ఆ పోటీ జరిగింది ఈ లౌగార్దాలుర్ లోయలో, ఇందాక చెప్పిన ఆటల భవనంలోనే. ఆ పోటీకి వైద్యుడు ఎవరనుకుంటున్నారు? మన ఊల్వర్ గారే. ఆటగాడు ఒంట్లో బాగాలేదని ఆట వాయిదా అడిగితే డాక్టరు సర్టిఫికెట్ ఉండాలని నిబంధన. అమెరికా ఒక పక్క, రష్యా ఒక పక్క, మధ్యలో సిక్ లీవు కాగితం మీద సంతకం పెట్టవలసినవాడు ఒక కంటి డాక్టరు. మెడికల్ సర్టిఫికెట్ల కోసం మనం పడ్డ తిప్పలు తలుచుకుంటే, ఆ కుర్చీలో కూర్చున్న ఆయన మీద నాకు జాలి వేసింది.

ఇంకొకటి చెప్పి మన ఊరికి వస్తాను. 1984 మార్చిలో ఐస్‌లాండ్ దక్షిణాన వెస్ట్‌మన్ దీవుల దగ్గర హెల్లిసేయ్ అనే చేపల పడవ రాత్రిపూట మునిగింది. అయిదుగురు ఉన్నారు. నలుగురు పోయారు. గూడ్లోయిగుర్ ఫ్రిత్‌థోర్‌సన్ అనే పాతికేళ్ళు నిండని కుర్రాడు గడ్డకట్టేంత చలి నీళ్ళలో అయిదారు గంటలు ఈదాడు. ఒడ్డు చేరాక అగ్నిపర్వతపు రాళ్ళ మీద ఒట్టి కాళ్ళతో నడిచాడు. దారిలో గొర్రెల కోసం పెట్టిన తొట్టిలో మంచు పెంకు పగలగొట్టి నీళ్ళు తాగాడు. ఊళ్ళో ఒక ఇంటి తలుపు తట్టాడు. అతని ఒంటి తత్వం వేరని డాక్టర్లు తర్వాత పరీక్షించి చెప్పారు. నిజమే కావచ్చు. కాని ఈత రాకపోతే ఏ ఒంటి తత్వమూ మొదటి పది నిమిషాలు దాటించదు. ఏటా మార్చిలో అక్కడి జనం అతను ఈదినంత దూరం కొలనుల్లో ఈది, పోయిన ఆ నలుగురినీ తలుచుకుంటారు.

ఊల్వర్ థోర్దార్‌సన్ 2002లో చనిపోయాడు. తొంభై ఏళ్ళు.

నా సంగతి ఒక్క నిమిషం. మా ఊరి పక్కన కాలవ. నాకు ఏడో ఏట మా నాన్నగారు నడుముకు రెండు ఎండు కొబ్బరికాయలు కట్టి నీళ్ళలోకి తోశారు. నాలుగు రోజుల్లో కొబ్బరికాయలు విప్పేశారు. మా పక్కింటి కుర్రాడు, నాకంటే ఏడాది చిన్న, వాడికి నాన్న లేడు. వాళ్ళమ్మ భయపడి వాణ్ణి కాలవ వైపు పోనిచ్చేది కాదు. వేసవిలో కాలవ కట్టేశాక గుంటలో నీళ్ళు మిగిలితే అక్కడికి చేపల కోసం వెళ్ళాడు. నిలువు లోతు కూడా లేదు. నేను ఆ రోజు మామిడితోటలో ఉన్నాను. తర్వాత ముప్ఫై నాలుగేళ్ళు కాలవ గట్ల మీద ఉద్యోగం చేసి, ఎన్ని పంచనామాలకు సాక్షి సంతకం పెట్టానో నాకే లెక్క లేదు. సగం మంది పిల్లలే.

మన ఊళ్ళో మున్సిపాలిటీ వారి ఈతకొలను ఒకటి ఉన్న సంగతి మీకు తెలుసు. ఆరేళ్ళుగా నీళ్ళు లేవు. మొన్న గోడ మీదుగా తొంగిచూశాను. రాళ్ళ సందున రావిమొక్క నా భుజం ఎత్తున ఉంది. మోటారు చెడిందని ఒకరు, గార్డు పోస్టు మంజూరు కాలేదని ఒకరు చెబుతున్నారు. మనలో విద్యుత్తు శాఖలో చేసినవారున్నారు, పబ్లిక్ హెల్త్‌లో చేసినవారున్నారు, ట్రెజరీలో బిల్లులు ఎక్కడ ఆగుతాయో అరచేతి రేఖల్లా తెలిసినవారున్నారు. మన దగ్గర లేనిది సమయం అని మాత్రం అనలేం. మోటారు మరమ్మతుకు ఎంత అవుతుందో ఇద్దరు మిత్రులు ఎస్టిమేటు వేసి పెట్టారు. నేను కమిషనరు గారికి ఒక అర్జీ రాసి తెచ్చాను. మనమంతా కలిసి వెళ్ళి ఇద్దాం. ఒకసారి ఇచ్చి ఊరుకోవడం కాదు, ప్రతి నెలా మొదటి సోమవారం వెళదాం. పెన్షను పడ్డాకే కనుక ఆటో ఖర్చుకు ఇబ్బంది ఉండదు.

కాగితం కార్యదర్శి గారి బల్ల మీద ఉంది. భోజనాలకు లేచేముందు సంతకం చేయండి. పేరు, ఆఖరిగా చేసిన ఉద్యోగం స్పష్టంగా రాయండి. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చినవారు ఉంటే నాది ఇస్తాను. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి దూరానికి నాకు దాని అవసరం పెద్దగా లేదు.